త్రిఫల – గుణము, ప్రమాణము



కార్తికమాసము వచ్చినదనగానే మన తెలుగునాట ఉసిరిచెట్టు నీడకు ఒక ప్రత్యేకత కలుగుచున్నది. దాని మొదట దీపము పెట్టుట, ఆ నీడను వనభోజనములు చేయుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఉసిరికి సంస్కృతమున ‘ధాత్రి’ యని ఒక పేరు. ధాత్రి యనగా పెంచు తల్లి. కరక్కాయకు ‘అభయ’ యని, ‘పథ్య’ యని పేర్లు. రోగభయమును పోగొట్టునది కనుక అభయ. దేహమునకు హితమైనది కనుక పథ్య. మూడవది తానికాయ. దీనినే కొన్ని ప్రాంతములలో తాండ్రకాయ యందురు. శాస్త్రములలో దీని పేరు విభీతకి. ఈ మూడు కాయల గింజలు తీసివేసి, పెచ్చులను మాత్రమే ఎండబెట్టి, దంచి, వస్త్రగాళితము చేసి కలిపిన చూర్ణమే త్రిఫల.

మన ఇండ్లలో త్రిఫలను ఇదివరలో మలబద్ధకమునకు, కంటి జబ్బులకు, నోటి పూతకు వాడుచుండిరి. 2020వ సంవత్సరములో కరోనా మహమ్మారి వచ్చిన పిమ్మట దానికి మరియొక కీర్తి వచ్చినది. ‘వ్యాధినిరోధక శక్తి’ యను మాట అప్పటి నుండి ప్రతి ఇంటను వినబడుచున్నది. ఆ సంవత్సరమే కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ తన ఆరోగ్య సూచనలలో, ఉసిరి ప్రధానముగా గల చ్యవనప్రాశను ఉదయము 10 గ్రాములు సేవింపవచ్చుననియు, మధుమేహము గలవారు చక్కెర లేనిది వాడవలెననియు చెప్పినది. ఆ సూచనలో పరిమాణమున్నది, పాత్రాపాత్ర విచక్షణ యున్నది. కాని జనుల చెవిని పడినది ‘శక్తి పెరుగును’ అను ఒక్క మాటయే. చెంచా చెప్పినచోట గిన్నె త్రాగినవారును, చూర్ణము మొదలుపెట్టి నిత్యము వాడవలసిన మాత్రలు మానివేసినవారును మన చుట్టుప్రక్కలనే ఉన్నారు. మరికొందరు దీనికి పూర్తిగా ఎదురు నిలిచి, ‘ఇదంతయు అమ్మమ్మల వైద్యము, పనికిరాదు’ అని త్రోసివేయుదురు.

ఈ రెండు మార్గములును శాస్త్రసమ్మతములు కావు. చరకసంహిత సూత్రస్థానము పదునొకండవ అధ్యాయములో ఒక విషయము సత్యమా కాదా యని తేల్చుకొనుటకు నాలుగు విధములైన పరీక్షలు చెప్పబడినవి. అవి ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి. నమ్మదగిన పెద్దల మాట ఆప్తోపదేశము. కన్నులార చూచినది ప్రత్యక్షము. కనబడిన గురుతును బట్టి కనబడనిదానిని ఊహించుట అనుమానము. అనేక కారణములను కలిపి ఆలోచించి కార్యమును నిర్ణయించుట యుక్తి. త్రిఫల వ్యాధినిరోధక శక్తిని పెంచునా, దానిని వాడుట క్షేమమా అను ప్రశ్నలను ఈ నాలుగు పరీక్షలతోనే విచారింతము.

పెద్దలు చెప్పినది

చరకసంహిత చికిత్సాస్థానములో మొదటి అధ్యాయమే రసాయనాధ్యాయము. అందులో నాలుగు పాదములున్నవి. మొదటి పాదము పేరే ‘అభయామలకీయము’. అనగా కరక్కాయ, ఉసిరికాయలను గురించినది. మూడవ పాదములో త్రిఫలా రసాయనము చెప్పబడినది. అందలి విధానము గమనింపదగినది. ముందటి భోజనము జీర్ణమైన పిమ్మట ఒక కరక్కాయ, భోజనమునకు ముందు రెండు తానికాయలు, భోజనానంతరము నాలుగు ఉసిరికాయలు తేనెతోను నేతితోను సేవింపవలెను. ఇట్లు ఒక సంవత్సరము చేయవలెను. అనగా ఒకటి, రెండు, నాలుగు అను పాళ్లు. నేడు అంగళ్లలో దొరకు చూర్ణములు చాలవరకు మూడును సమభాగములుగా కలిపినవి. విరేచనకారియైన కరక్కాయ పాలు ఎక్కువైనకొలది కడుపుపై దాని ప్రభావమును ఎక్కువగుట సహజము. కావున ‘త్రిఫల’ అను ఒకే పేరు గల సీసాలన్నియు ఒకే మందు కాదని మొదటగా గ్రహింపవలెను.

రెండవ సంగతి ఇంతకంటెను ముఖ్యమైనది. కరక్కాయను అంతగా ప్రశంసించిన పెద్దలే, దానిని ఎవరు తినరాదో కూడ స్పష్టముగా చెప్పినారు. అజీర్ణముతో బాధపడువారు, కొవ్వులేని రూక్షాహారము తినువారు, మద్యముచేతను విషముచేతను కృశించినవారు, ఆకలిదప్పులతోను ఎండవేడిమితోను బడలినవారు దీనిని సేవింపరాదని చరకుని మతము. పదునారవ శతాబ్దమునకు చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశములో దారినడచి అలసినవారిని, బలహీనులను, ఉపవాసములచే చిక్కినవారిని, పిత్తము అధికమైనవారిని, గర్భిణీ స్త్రీలను, రక్తము కోల్పోయినవారిని కూడ ఈ నిషేధములో చేర్చినాడు. ‘మూలికయే కదా, హాని ఏమున్నది’ అను మాట శాస్త్రములో లేదు. ఉపవాసములు చేయు మన స్త్రీలు, ఎండలో పనిచేయు మన రైతుకూలీలు పరగడుపున కరక్కాయ చూర్ణము మ్రింగుటకు ముందు ఈ మాటను తలచుకొనవలెను.

వ్యాధినిరోధక శక్తి యనగా ఏమి?

ఆయుర్వేదమున దీనికి ‘వ్యాధిక్షమత్వము’ అని పేరు. చక్రపాణిదత్తుడు దీనిని వివరించుచు, వచ్చిన వ్యాధి బలమును ఎదుర్కొనుటయు, వ్యాధి పుట్టకుండ అడ్డుకొనుటయు అని రెండు పనులుగా చెప్పినాడు. ఆధునిక వైద్యమును ఇంచుమించు ఇదే చెప్పుచున్నది. మన రక్తములోని తెల్లకణములలో అనేక జాతులున్నవి. న్యూట్రోఫిల్ అను కణములు సూక్ష్మజీవులను చుట్టుముట్టి మ్రింగివేయును. టి-కణములలో ఒక తెగ, వైరస్ సోకిన మన కణములను గుర్తించి నాశనము చేయును. సహజ హంతక కణములను మరియొక తెగ వైరస్ పట్టిన కణములను, దారితప్పిన కణములను తుదముట్టించును. వీటి నడుమ వార్తలు మోయు పదార్థములకు సైటోకైన్లు అని పేరు.

దేవాలయ ద్వారమున నిలిచిన ద్వారపాలకులను తలచుకొనుడు. నిదురపోవు ద్వారపాలకుడు దొంగను లోనికి రానిచ్చును. అతిగా ఉద్రేకించినవాడు భక్తులనే కొట్టి తరుమును. కీళ్లవాతములలో రుమటాయిడ్ అను రకము, లూపస్ అను వ్యాధి, బాల్యములోనే వచ్చు మొదటి రకపు మధుమేహము – ఇవన్నియు వ్యాధినిరోధక వ్యవస్థ స్వంత దేహముపైననే తిరుగబడుటవలన కలుగు జబ్బులు. కావున ఆ శక్తి ఊరక పెరుగుటయే క్షేమమనుకొనరాదు. అది మేల్కొనవలసినప్పుడు మేల్కొని, అణగవలసినప్పుడు అణగుటయే ఆరోగ్యము.

ప్రయోగశాల నుండి అనుమానము

త్రిఫలలోని ప్రధాన పదార్థములు టానిన్లు. నాలుకకు వగరుగా తగులునవి ఇవే. గాలిక్ ఆమ్లము, ఎలాజిక్ ఆమ్లము, కెబులాజిక్ ఆమ్లము, కెబులినిక్ ఆమ్లము మొదలగునవి ఈ వర్గములోనివి. వీటిలో కొన్నింటిని మన ప్రేగులలోని సూక్ష్మజీవులు విడగొట్టి యూరోలిథిన్లు అను చిన్న పదార్థములుగా మార్చును. ఈ సూక్ష్మజీవులు మనిషి మనిషికి వేరుగా నుండును గనుక, ఒకే చూర్ణము అందరి దేహములోను ఒకే ఫలమునీయదు.

ఉసిరిలోని సి-విటమిను సంగతి అందరికి తెలిసినదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పాత పట్టికలలో 100 గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాముల సి-విటమిను ఉన్నదని చూపబడినది. అదే సంస్థ 2017లో వెలువరించిన క్రొత్త పట్టికలలో ఆ సంఖ్య 250 దరిదాపునకు దిగినది. తగ్గినంతమాత్రమున చిన్నబుచ్చుకొన పనిలేదు. పెద్దవారికి దినమునకు కావలసినది పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు మాత్రమే. ముప్పది గ్రాముల పచ్చి ఉసిరి గుజ్జు, లేక ఒక మోస్తరు జామకాయ ఆ లోటును తీర్చగలదు. ఎండబెట్టి, ఉడికించి, నిలువచేసిన కొలది ఈ విటమిను తగ్గుచుండును. కావున పాత చూర్ణములో పచ్చికాయ గుణమంతయు ఉన్నదనుకొనరాదు.

వ్యాధినిరోధక శక్తిపై త్రిఫల ప్రభావమును గూర్చి చెన్నైలోని మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ఒక ప్రయోగమును ప్రచురించినారు. ఎలుకలను దినమునకు 4 గంటల చొప్పున 15 దినములు 100 డెసిబెల్ల గట్టి ధ్వనికి గురిచేసినారు. అట్టి ఒత్తిడిలో న్యూట్రోఫిల్ కణముల పని మందగించినది. ముందుగా త్రిఫల తినిపించిన ఎలుకలలో ఆ మాంద్యము కలుగలేదు. ఇది ఆశాజనకమైన ఫలితమే. అయితే వాటికి ఇచ్చినది దేహపు బరువులో ప్రతి కిలోగ్రామునకు 1 గ్రాము. ఆ లెక్కను తిన్నగా మనిషికి అన్వయించిన, అరువది కిలోల మనిషి 60 గ్రాములు తినవలసి వచ్చును! ఏ వైద్యుడును అట్లు ఈయడు. ఎలుకలో చూచినది మనిషికి మార్గము చూపును గాని, మనిషిలో చూచినట్లు కాదు. అందుకే దీనిని అనుమానమనుచున్నాము.

మనుష్యులలో చూచినది

త్రిఫల థాయిలాండు దేశపు సంప్రదాయ వైద్యములోను ఉన్నది. అక్కడి వైద్య పరిశోధకులు 2012లో ఒక అధ్యయనము ప్రచురించినారు. ఆరోగ్యవంతులైన 20 మంది, దినమునకు మొత్తము 1050 మిల్లీగ్రాముల త్రిఫలను గుళికలుగా రెండు వారములు సేవించినారు. పిమ్మట రక్తము పరీక్షింపగా, పైని చెప్పిన హంతక టి-కణములు, సహజ హంతక కణములు గణనీయముగా పెరిగినట్లు కనబడినది. సైటోకైన్లలో చెప్పుకొనదగిన మార్పు లేదు. ఆ రెండు వారములలో ఎవరికిని ఏ హానియు కలుగలేదు.

ఇది నిజముగా సంతోషింపదగిన సంగతియే. కాని దీని హద్దులను కూడ చదువవలెను. వారు 20 మందియే. వారు రోగులు కారు. కాలము రెండు వారములే. సేవించినది దినమునకు గ్రాము దరిదాపు మాత్రమే. మనము నింపుగా తీసిన ఒక చెంచా చూర్ణము దీనికి ఎన్నో రెట్లుండును. మరియు రక్తములో కణముల సంఖ్య పెరుగుట వేరు, జలుబు, జ్వరము, క్షయ వంటి జబ్బులు తగ్గుట వేరు. మొదటిది చూచినారు, రెండవది ఈ అధ్యయనములో చూడలేదు. సైన్యములో భటుల సంఖ్య పెరిగినదని వినినంతనే యుద్ధము గెలిచితిమని చాటింపు వేయరాదు గదా!

ఇంతకంటె పెద్ద పరీక్ష ఒకటి నోటి ఆరోగ్యమును గూర్చి మన దేశములో జరిగినది. 2011లో ప్రచురితమైన ఆ పరీక్షలో 8 మొదలు 12 ఏండ్ల వయసు గల 1431 మంది బడిపిల్లలను మూడు తరగతులుగా చేసినారు. ఒక తరగతివారు త్రిఫల నీటితోను, ఒక తరగతివారు దంతవైద్యులు వాడు క్లోర్‌హెక్సిడిన్ అను ద్రవముతోను నోరు పుక్కిలించినారు. పండ్లపై పాచి, చిగుళ్ల వాపు తగ్గించుటలో ఈ రెండును ఇంచుమించు సమానముగా నిలిచినవి. పుక్కిలించి ఉమ్మివేయునది గనుక కడుపులోనికి పోవు చింతయు తక్కువ. అంతగా కీర్తింపబడని ఈ వాడుకకే మనుష్యులలో చూచిన సాక్ష్యము ఎక్కువగా ఉన్నది.

ఎవరు జాగ్రత్త పడవలెను?

ఇక యుక్తి. ఔషధమును, రోగిని, కాలమును, ఇతర ఔషధములను కలిపి ఆలోచించుట. ఇక్కడనే ప్రాణములకు సంబంధించిన విషయములున్నవి. ఒక్కొక్కటిగా వినుడు.

మొదటిది, గర్భిణులు. శాస్త్రమే వద్దన్నది, విరేచనకారి గనుక ఆధునిక వైద్యులును వలదందురు. పచ్చడిలో ఉసిరి, భోజనములో ఉసిరి వేరు. ఔషధ పరిమాణములో త్రిఫల వేరు. పసిపిల్లలకును వైద్యుని అనుమతి లేక ఈయరాదు. ఏడాది నిండని శిశువుకు చూర్ణములో కలుపు తేనె సయితము ప్రమాదకరము.

రెండవది, మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు. త్రిఫల, ఉసిరి రక్తములోని చక్కెరను కొంత తగ్గించు స్వభావము గలవి. మందుతో కలిసి చక్కెర మరీ పడిపోయిన చెమటలు పట్టి, కన్నులు తిరిగి, స్పృహ తప్పు ప్రమాదమున్నది. కావున వైద్యునికి చెప్పి, రక్తపరీక్ష చేయించుకొనుచు వాడవలెను. ఇంతకంటె పెద్ద ప్రమాదము దీనికి విరుద్ధమైనది. చూర్ణమును నమ్మి మాత్రలను, ఇన్సులిన్‌ను మానివేయుట! అట్లు మానినవారి కన్నులు, మూత్రపిండములు, పాదములు చెడుట వెంటనే తెలియదు; తెలియునప్పటికి చాల ఆలస్యమై యుండును.

మూడవది, రక్తము గడ్డకట్టకుండుటకు మందులు వాడువారు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనములో, మధుమేహరోగులలో ఉసిరి సారము ప్లేట్‌లెట్ కణములు గుమిగూడు గుణమును తగ్గించినట్లు కనబడినది. గుండెజబ్బు కొరకు అట్టి పనినే చేయు మాత్రలు వాడువారు, శస్త్రచికిత్సకు సిద్ధమగువారు ఈ సంగతిని తమ వైద్యునికి ముందుగా తెలుపవలెను.

నాలుగవది, వ్యాధినిరోధక శక్తిని అణచు మందులు వాడువారు. మూత్రపిండము మార్పిడి చేయించుకొన్నవారు, లూపస్, రుమటాయిడ్ వంటి జబ్బులు గలవారు ఈ తెగలోనివారు. మార్పిడి చేసిన అవయవమును దేహము పరాయిదని తలచి నాశనము చేయకుండుటకే వారికి ఆ మందులు. నిద్రపుచ్చవలసిన ద్వారపాలకుని తట్టి లేపు పదార్థము వారికి మేలు చేయునని ఎట్లు అనుకొందుము? అందరికి అమృతమనిపించునది వారికి విషతుల్యము కావచ్చును.

ఐదవది, రక్తహీనతకు ఇనుప ధాతువు గల మాత్రలు వాడువారు. దీనిని మన చేతిపనితోనే బోధపరుచుకొనవచ్చును. శ్రీకాళహస్తిలోను, పెడనలోను కలంకారీ పనివారు నూలుబట్టను ముందుగా కరక్కాయ రసములోను పాలలోను నానబెట్టుదురు. తరువాత ఇనుపముక్కలు, బెల్లము ఊరవేసిన ద్రావణముతో గీత గీయగనే బట్టపై నల్లని రంగు ఏర్పడును. కరక్కాయలోని టానిను, ఇనుము ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనుటయే ఆ నలుపు. కడుపులోను ఇట్లే జరుగును. త్రిఫలతో కలిపి మ్రింగిన ఇనుప మాత్ర రక్తములోనికి పోవుటకు బదులు టానిన్లకు చిక్కి వ్యర్థమగును. మన స్త్రీలలో రక్తహీనత ఎక్కువ గనుక ఈ రెంటి నడుమ కొన్ని గంటల వ్యవధి యుంచుట మంచిది.

ఆరవది, విరేచనములతో బాధపడువారు, నీరసించినవారు, చిక్కిపోయిన వృద్ధులు. త్రిఫల ఎక్కువైన కనబడు మొదటి దోషము కడుపునొప్పి, పలుచని విరేచనములు. దేహములో నీరు తగ్గిన వృద్ధులకు అది చిన్న సంగతి కాదు.

ప్రయోగశాలలలో త్రిఫల సారము, కాలేయములో మందులను జీర్ణింపజేయు కొన్ని ఎంజైముల పనిని కొంత మందగింపజేసినట్లును కనబడినది. కావున నిత్యము పెక్కు మందులు వాడువారు, తాము ఏ చూర్ణము, ఏ కషాయము సేవించుచున్నారో వైద్యుని వద్ద దాచక చెప్పవలెను. వైద్యులును విసుగుకొనక వినవలెను.

మందు కల్తీ అయిన గుణమెక్కడ?

శాస్త్రము కాయను గూర్చి చెప్పినది. సీసాలోని పొడిని గూర్చి ఎవరు హామీ? అమెరికాలోని బోస్టన్ పరిసరములలోని దుకాణములలో అమ్ముచున్న 70 దక్షిణాసియా ఆయుర్వేద మందులను పరీక్షింపగా 14 మందులలో సీసము గాని, పాదరసము గాని, ఆర్సెనిక్ గాని ఉన్నట్లు 2004లో ప్రకటింపబడినది. 2008లో ప్రచురితమైన మరియొక పరీక్షలో, ఇంటర్నెట్ ద్వారా తెప్పించిన 193 మందులలో ఇంచుమించు అయిదవ వంతులో ఇట్టి లోహములు కనబడినవి. ఇవన్నియు త్రిఫలలు కావు. భస్మములు కలిపిన మందులును వాటిలో ఉన్నవి. అయినను, విదేశములలోని తమ పిల్లలకు పేరూ ఊరూ లేని పొట్లములు కట్టి పంపు తల్లిదండ్రులు ఈ సంగతి ఎరిగి యుండవలెను. సీసము పసివారి మెదడునకు తీరని హాని చేయును.

భారత ఆయుర్వేద ఔషధకోశము ప్రకారము మూలికా ద్రవ్యములలో సీసము పదిలక్షల పాళ్లలో 10 పాళ్లు, ఆర్సెనిక్ 3, పాదరసము 1 పాలు మించరాదు. కొనునప్పుడు తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, కాలపరిమితి, అందలి ద్రవ్యముల పేర్లు చీటిపై ఉన్నవో లేవో చూడవలెను. ఇంటిలో చేసుకొనువారు పురుగుపట్టని, బూజుపట్టని కాయలు ఏరుకొని, గింజ తీసివేసి, కొద్దికొద్దిగా దంచుకొని, తడి తగులని గాజుసీసాలో ఉంచుకొనవలెను. బూజుపట్టిన చూర్ణమును ఎండలో పెట్టి మరల వాడుట తగదు.

మధుమేహము, క్యాన్సర్ వంటి జబ్బులను నయము చేయుదుమని ప్రకటనలిచ్చుట మన దేశములో 1954వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరము. అట్టి ప్రకటన చూచినప్పుడు, చట్టమును మీరినవాడు మాత్రను మీరడని ఏల నమ్మవలెనని మనలను మనమే ప్రశ్నించుకొనవలెను.

మంచి పేరు గల మూలికయు ఒక్కొక్కరికి పడకపోవచ్చుననుటకు ఇటీవలి ఉదాహరణమొకటి కలదు. కరోనా కాలములో తిప్పతీగను విరివిగా వాడిన ఆరుగురికి కాలేయము దెబ్బతిన్నట్లు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించినారు. వారు వాడినది అసలైన తిప్పతీగయా, దానిని పోలిన వేరొక తీగయా యని ఆయుష్ శాఖ ప్రశ్నించినది. తప్పు మూలికదైనను, పోలికదైనను కాలేయము చెడినది మాత్రము రోగికే. కావున ఏ మూలిక వాడుచున్నను కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురు రంగుగా మారినను, దేహమంతయు దురదలు పుట్టినను, ఆకలి చచ్చినను వెంటనే దానిని ఆపి వైద్యుని చూడవలెను. పసిపిల్లలకు వేయు టీకాలకు బదులుగా నిలువగల చూర్ణము ఏదియు లేదు.

ప్రమాణమెరిగిన సేవనము

అయినచో త్రిఫలను విడువవలెనా? అక్కరలేదు. ఆరోగ్యవంతులు, వేరు మందులు వాడనివారు, వైద్యుడు చెప్పిన కొద్ది పరిమాణములో, చెప్పినన్ని దినములు సేవించుటవలన చాలమందికి హాని లేదు, కడుపు శుభ్రపడును, కొంత మేలును కలుగవచ్చును. నీటితో నోరు పుక్కిలించుట మరింత క్షేమము. ఉసిరిని కాలములో ఆహారముగా తినుట అన్నింటికంటె సులభము. ఆమలకము చేతిలో ఉండగా అరచేతి వెడల్పు ప్రకటనలకు వందలు వెచ్చింపనేల?

రసాయనాధ్యాయము నాలుగవ పాదములో చరకుడు ‘ఆచార రసాయనము’ అని మరియొక మందును చెప్పినాడు. అందులో చూర్ణము లేదు, కషాయము లేదు. సత్యము పలుకుట, కోపము విడుచుట, మద్యమునకు దూరముగా ఉండుట, నిద్రకును మెలకువకును సమతూకము పాటించుట, దేశకాలములను ప్రమాణమును ఎరిగి మెలగుట – ఇట్టి నడవడి గలవానికి నిత్యము రసాయనము సేవించిన ఫలము కలుగునని ఆయన మాట. నిద్ర చెడిన దేహములో వ్యాధినిరోధక శక్తి సన్నగిల్లునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. రాత్రి రెండు గంటల వరకు మేల్కొని, తెల్లవారి చెంచాడు చూర్ణము మ్రింగినంతమాత్రమున ఆ లోటు తీరదు.

‘ప్రమాణము’ అను మాటకు కొలత యని ఒక అర్థము, సాక్ష్యమని ఒక అర్థము. మందునకు రెండును కావలెను. మహాభారతము అరణ్యపర్వములోని నలోపాఖ్యానములో తానిచెట్టు ఒకటి వచ్చును. బాహుకుడను పేర సారథియై యున్న నలుడు ఋతుపర్ణ మహారాజును విదర్భకు తీసికొనిపోవుచుండగా, రాజు దారిలోని తానిచెట్టును చూచి దాని ఆకులెన్నో, కాయలెన్నో చెప్పినాడు. చెప్పినవాడు మహారాజు, తన ప్రభువు. అయినను నలుడు ఆ మాటను విని ఊరకుండలేదు. ఆలస్యమగునని రాజు తొందరపెట్టినను రథము నిలిపి, చెట్టును నరికి, లెక్కించి చూచినాడు. రాజు మాట నిజమేనని తేలినది. అప్పుడు ఆయన వద్ద ఆ విద్యను గ్రహించినాడు; ఆ విద్య అబ్బగనే ఇంతకాలము పట్టి పీడించిన కలి నలుని దేహమును విడిచిపోయినది.

పెద్దల మాటను లెక్కించి చూచుట పెద్దలను అవమానించుట కాదు. లెక్కించి, నిజము తెలిసికొని, ఆ కొలతలో నిలుచుటయే వారికి చేయు గౌరవము. మీ ఇంటిలో త్రిఫల వాడువారున్నచో, వారు వాడు ఇతర మందుల పేర్లను ఒక కాగితముపై వ్రాసి, చూర్ణపు సీసాతో సహా వైద్యునికి చూపుడు. మందులు మానుకొనకుడు, మందులు దాచకుడు, కొలత మీరకుడు.

అందరును ఆయురారోగ్యములతో వర్ధిల్లుదురు గాక! స్వస్తి.